1984 ఎన్‌బీఏ ప్లేఆఫ్స్: చార్టు గీసుకుని, లెక్క సరిచూసుకుని, ఆటలు చూసే పద్ధతి

పాత బాస్కెట్‌బాల్ ఆటల వీడియోలు ఇప్పుడు తేలిగ్గానే దొరుకుతున్నాయి. చూడటం మొదలుపెట్టాకే చిక్కులొస్తాయి. ఇది ఎన్నో ఆట, ఎవరి కోర్టు, ఓడితే ఏమవుతుంది, అంత గట్టిగా కొట్టినా మనిషిని బయటికి ఎందుకు పంపలేదు, తెర మీద స్కోరు ఎందుకు లేదు? ముందు ఒక చార్టు గీసుకుంటే వీటిలో సగం వాటంతట అవే విడిపోతాయి. ఇక్కడ తీసుకున్నది అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 1984 ప్లేఆఫ్స్, అంటే సీజన్ ముగిశాక టైటిల్ కోసం జరిగే నాకౌట్ సిరీస్‌లు. నేటి చార్టుకు దగ్గరగా కనిపిస్తూనే లోపల వేరే నిబంధనలతో నడిచిన ఏడు అది, అందుకే తప్పులూ అక్కడే ఎక్కువ పడతాయి.

కావలసినవి: ఏ3 సైజు తెల్ల కాగితం ఒకటి, పెన్సిలు, రబ్బరు, రెండు రంగుల పెన్నులు. కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్ అయినా సరే. స్కోర్ల కోసం ఆనాటి బాక్స్ స్కోర్లు (ఆటగాళ్ల వారీ లెక్కల పట్టికలు) దగ్గర పెట్టుకోండి.

ఆ ఏడాది నిబంధనలు ముందు

లీగ్‌లో 23 జట్లు. అందులో 16 ప్లేఆఫ్స్‌కు వెళ్లాయి, ఒక్కో కాన్ఫరెన్స్ (లీగ్‌లోని తూర్పు, పశ్చిమ భాగాలు) నుంచి 8. అంతకుముందు ఏడు, అంటే 1983 వరకు, ఇది 12 జట్ల వ్యవహారం. డివిజన్ (ఒక్కో కాన్ఫరెన్స్‌లో రెండేసి ఉండే గుంపులు) విజేతలకు తొలి రౌండ్ ఆడే పనే ఉండేది కాదు, మిగతావాళ్లకు తొలి రౌండ్ మూడు ఆటల సిరీస్. 1984లో ఆ మినహాయింపు పోయింది. అందరూ తొలి రౌండ్ ఆడాల్సిందే, అది ఐదు ఆటల సిరీస్ (మూడు గెలిస్తే చాలు). రెండో రౌండ్ నుంచి ఫైనల్ వరకు ఏడు ఆటలు, నాలుగు గెలవాలి. తొలి రౌండ్ కూడా ఏడు ఆటలైంది 2003లో. చివరి స్థానాల కోసం ముందుగా ఆడే ఇప్పటి ప్లే-ఇన్ లాంటిది అప్పుడు లేదు.

సీడింగ్ (జట్లకు వరుస స్థానాలివ్వడం) దగ్గర చాలామంది బోల్తా పడతారు. గెలుపుల వరుసలో 1 నుంచి 8 వరకు రాసుకుంటూ పోతే చార్టు తప్పు వస్తుంది. డివిజన్ గెలిచిన రెండు జట్లకు మొదటి రెండు స్థానాలు ఖాయం, వాటి తర్వాతే మిగతావి గెలుపులను బట్టి వస్తాయి. తూర్పులో ఫిలడెల్ఫియా 52 ఆటలు గెలిచి కూడా మూడో సీడ్, 50 గెలిచిన మిల్వాకీ రెండో సీడ్. పశ్చిమంలో 48 గెలిచిన పోర్ట్‌లాండ్‌ది మూడో స్థానం, 45 గెలిచిన యూటాది రెండో స్థానం. తుది జాబితా ఇది, బ్రాకెట్లో గెలుపోటములు:

తూర్పు: 1 బోస్టన్ (62-20), 2 మిల్వాకీ (50-32), 3 ఫిలడెల్ఫియా (52-30), 4 డెట్రాయిట్ (49-33), 5 న్యూయార్క్ (47-35), 6 న్యూజెర్సీ (45-37), 7 అట్లాంటా (40-42), 8 వాషింగ్టన్ (35-47).

పశ్చిమం: 1 లాస్ ఏంజెలెస్ లేకర్స్ (54-28), 2 యూటా (45-37), 3 పోర్ట్‌లాండ్ (48-34), 4 డాలస్ (43-39), 5 సియాటిల్ (42-40), 6 ఫీనిక్స్ (41-41), 7 డెన్వర్ (38-44), 8 కాన్సాస్ సిటీ (38-44).

35 గెలిచిన వాషింగ్టన్ లోపల, పశ్చిమంలో 37 చొప్పున గెలిచిన గోల్డెన్ స్టేట్, శాన్ ఆంటోనియో బయట. అన్యాయంగా కనిపించినా తప్పు రాసుకున్నామేమోనని దిద్దకండి. కాన్ఫరెన్స్ లెక్క కాన్ఫరెన్స్‌దే.

జట్ల పేర్లు ఆనాటివే రాయండి. కాన్సాస్ సిటీ కింగ్స్ మరుసటి ఏడు శాక్రమెంటోకు వెళ్లింది. సియాటిల్ సూపర్‌సోనిక్స్ 2008లో ఓక్లహామా సిటీకి, న్యూజెర్సీ నెట్స్ 2012లో బ్రూక్లిన్‌కు తరలాయి. వాషింగ్టన్ పేరు అప్పుడు బుల్లెట్స్, 1997లోనే విజార్డ్స్ అయింది. ఇప్పటి పేర్లతో వెతికితే సగం రికార్డులు చేతికి రావు.

చార్టు గీయడం

కాగితాన్ని అడ్డంగా పెట్టండి. ఎడమ సగం పశ్చిమం, కుడి సగం తూర్పు, నడుమ ఫైనల్ పెట్టె. ఒక్కో పక్క అంచున నాలుగు పెట్టెలు, లోపలికి రెండు, ఆ తర్వాత ఒకటి. మొత్తం 15 పెట్టెలు. లెక్క సులువే: 16 జట్లలో 15 ఓడి ఇంటికి పోవాలి, ఒక్కో పెట్టె ఒక్క జట్టును పంపుతుంది.

అంచు పెట్టెల క్రమం పై నుంచి కిందికి 1-8, 4-5, 3-6, 2-7. మొదటి రెండు పెట్టెల విజేతలు ఒకరితో ఒకరు, చివరి రెండింటి విజేతలు ఒకరితో ఒకరు ఆడతారు. రౌండ్ అయ్యాక సీడ్లను మళ్లీ కలపడం ఉండదు. తూర్పులో న్యూజెర్సీ సంచలనం సృష్టించాక బోస్టన్‌కు ఆరో సీడ్ తగులుతుందనుకోవడం సహజం. కానీ బోస్టన్ ఆడింది న్యూయార్క్‌తో, న్యూజెర్సీ వెళ్లింది మిల్వాకీ మీదికి.

ప్రతి పెట్టెలో ఆటకొక చిన్న గడి: తొలి రౌండ్‌కు 5, మిగతావాటికి 7. గడి పైన కోర్టు ఎవరిదో రంగుతో గుర్తు పెట్టండి. ఐదు ఆటల సిరీస్ 2-2-1: మొదటి రెండూ పై సీడ్ సొంతగడ్డపై, తర్వాత రెండు ప్రత్యర్థి దగ్గర, ఐదోది మళ్లీ పై సీడ్ దగ్గర. ఏడు ఆటలది 2-2-1-1-1: 1, 2, 5, 7 పైవాళ్ల దగ్గర, 3, 4, 6 కిందివాళ్ల దగ్గర. 1984 ఫైనల్ కూడా ఈ లెక్కనే సాగింది. 2-3-2 పద్ధతి 1985లో వచ్చింది కాబట్టి దాన్ని ఇక్కడికి తేవద్దు.

ఈ రంగుల వల్ల లాభం వెంటనే తెలుస్తుంది. ఫిలడెల్ఫియా-న్యూజెర్సీ పెట్టెలో గెలుపులు నింపి చూడండి: ఐదు ఆటల్లో ఒక్కటైనా సొంత జట్టు గెలవలేదు. నెట్స్ ఫిలడెల్ఫియాలో రెండు గెలిచి, ఇంట్లో రెండు పోగొట్టుకుని, మళ్లీ అక్కడికే పోయి 101-98తో ముగించింది. నిరుటి చాంపియన్ తొలి రౌండ్‌లోనే ఇంటిముఖం పట్టింది. బోస్టన్-న్యూయార్క్ పెట్టె దీనికి నేరుగా తిరగేసినట్టుంటుంది, ఏడుకు ఏడూ సొంత జట్టే గెలిచింది. రంగులు లేని చార్టులో ఈ రెండూ 3-2, 4-3 అనే ఉత్త అంకెలే.

కోర్టు గడిలో ఊరి పేరుతో సరిపెట్టకండి, హాలు పేరు రాయండి. సొంత ఆట అన్నంత మాత్రాన సొంత హాలు కానక్కర్లేదు. డెట్రాయిట్ ఆ ఏడు మామూలుగా ఆడింది పాంటియాక్‌లోని సిల్వర్‌డోమ్‌లో, కానీ న్యూయార్క్‌తో ఐదో ఆట జో లూయిస్ అరీనాలో పెట్టారు. డాలస్‌కూ ఇదే గతి. వాళ్ల రీయూనియన్ అరీనాను టెన్నిస్ టోర్నీకి ముందే ఇచ్చేశారు, సియాటిల్‌తో నిర్ణాయక ఐదో ఆటకు యూనివర్సిటీ హాలు మూడీ కొలీజియం దిక్కయింది. వీడియోలో హాలు చిన్నదిగా కనిపించి ఇది వేరే ఆటేమోనని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది.

నింపడం, సరిచూడటం

ఫలితాలు ఇవి. తూర్పు తొలి రౌండ్: బోస్టన్ 3-1 వాషింగ్టన్, న్యూయార్క్ 3-2 డెట్రాయిట్, న్యూజెర్సీ 3-2 ఫిలడెల్ఫియా, మిల్వాకీ 3-2 అట్లాంటా. పశ్చిమం: లేకర్స్ 3-0 కాన్సాస్ సిటీ, డాలస్ 3-2 సియాటిల్, ఫీనిక్స్ 3-2 పోర్ట్‌లాండ్, యూటా 3-2 డెన్వర్. రెండో రౌండ్: బోస్టన్ 4-3 న్యూయార్క్, మిల్వాకీ 4-2 న్యూజెర్సీ, లేకర్స్ 4-1 డాలస్, ఫీనిక్స్ 4-2 యూటా. కాన్ఫరెన్స్ ఫైనల్స్: బోస్టన్ 4-1 మిల్వాకీ, లేకర్స్ 4-2 ఫీనిక్స్. ఫైనల్: బోస్టన్ 4-3 లేకర్స్.

ఇప్పుడు కూడిక. విజేతల గెలుపులు ఎప్పుడూ మారవు: 8 సిరీస్‌లకు 3 చొప్పున 24, 7 సిరీస్‌లకు 4 చొప్పున 28, మొత్తం 52. ఓడినవాళ్లు తీసుకున్న ఆటలు కలపండి: తొలి రౌండ్‌లో 13, రెండోదాన్లో 8, తర్వాత 3, ఫైనల్లో 3, కలిపి 27. రెండూ చేరిస్తే 79 ఆటలు. మీ కాగితం మీద నిండిన గడులు 79 కాకపోతే ఎక్కడో జారింది. సాధారణంగా జారేది 3-1ని 3-2గా రాసుకోవడంలో. ఇంకో పరీక్ష కూడా ఉంది: బోస్టన్ మొత్తం 15 గెలిచి 8 ఓడాలి, లేకర్స్ 14 గెలిచి 7 ఓడాలి.

ఆటగాళ్ల అంకెలకూ ఇలాంటి పరీక్షే. డెట్రాయిట్ మీద న్యూయార్క్ ఆటగాడు బెర్నార్డ్ కింగ్ పాయింట్లు వరుసగా 36, 46, 46, 41, 44. కూడితే 213, సగటు 42.6. ఎక్కడైనా వేరే సగటు కనిపిస్తే ఒక ఆట వదిలేశారన్నమాట. బాక్స్ స్కోర్లో నిమిషాల వరుస కూడితే మామూలు ఆటకు 240 రావాలి (48 నిమిషాలు, ఐదుగురు), ఒక్కో ఓవర్‌టైమ్‌కు (స్కోరు సమమైతే ఆడే అదనపు ఐదు నిమిషాలు) 25 కలపాలి. 265 వచ్చిందంటే ఆ ఆట ఒక ఓవర్‌టైమ్ ఆడింది, మీ చార్టులో ‘ఓ.టై.’ గుర్తు ఉండాలి. పాయింట్ల లెక్కలో ఒక మెలిక ఉంది. ఫీల్డ్ గోల్స్ (ఆట సాగుతుండగా వేసిన బుట్టలు) వరుసలో త్రీ పాయింటర్లు (దూరపు గీత బయటి నుంచి వేసినవి) ముందే కలిసి ఉంటాయి. కాబట్టి ఫీల్డ్ గోల్స్‌ను రెండుతో గుణించి, త్రీలను ఒక్కోటి చొప్పున మాత్రమే కలిపి, ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు ఇచ్చే ఒక్కో పాయింటు షాట్లు) చేర్చాలి. త్రీలను మూడుతో గుణిస్తే స్కోరు పెరిగిపోతుంది.

తేదీల సంగతి. మన పాత పత్రికల్లో వెతికేవాళ్లకు ఇది అవసరం. ఫైనల్ ఏడో ఆట బోస్టన్‌లో జూన్ 12 రాత్రి. అక్కడ రాత్రి 9 గంటలైతే ఇక్కడ మర్నాడు ఉదయం 6:30. అంటే మనకు 13వ తేదీ తెల్లవారాక ముగిసిన ఆట, 13 పేపర్ అప్పటికే అచ్చయిపోయి ఉంటుంది. 14 నుంచి చూడండి. తొలి రౌండ్‌కు తేడా ఇంకో గంట ఎక్కువ. ఆ ఏడు అమెరికాలో గడియారాలు ముందుకు జరిపింది ఏప్రిల్ ఆఖరి ఆదివారం, 29న. ఐదో ఆటలన్నీ అప్పటికే ముగిశాయి. కాబట్టి 28 వరకు జరిగిన ఆటలకు తూర్పు తీరం సమయానికి పదిన్నర గంటలు, 29 నుంచి తొమ్మిదిన్నర గంటలు కలపాలి.

వీడియో ముందు కూర్చున్నప్పుడు

ఆనాటి ప్రసారంలో స్కోరు ఎప్పుడూ తెర మీద ఉండదు. ఫౌల్ దగ్గరో టైమౌట్ దగ్గరో కాసేపు వేసి తీసేస్తారు. అందుకే పక్కన కాగితం మీద రెండు నిలువు వరుసలు పెట్టి, బుట్ట పడ్డప్పుడల్లా 2, 1, 3 రాస్తూ పోవాలి. తెర మీద స్కోరు వచ్చినప్పుడు ఆపి, మీ మొత్తంతో పోల్చి కింద గీత గీయండి. తేడా వస్తే గత గీత దాకా వెనక్కి వెళ్తే చాలు, మొదటి నుంచి అక్కర్లేదు. తేడాలు వచ్చే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే: రీప్లే చూపిస్తుండగా పడిన బుట్ట (వ్యాఖ్యాత మాట వింటే దొరుకుతుంది), బుట్టతో పాటు ఫౌల్ వచ్చినప్పుడు ఇచ్చే అదనపు ఫ్రీ త్రో, టెక్నికల్ ఫౌల్‌కు వేసే ఒంటరి ఫ్రీ త్రో. టేపు మధ్యలో కోసేసి ఉన్నా ఇలాగే బయటపడుతుంది. క్వార్టర్ స్కోరుకూ మీ కూడికకూ ఐదారు పాయింట్ల తేడా ఉంటే తప్పు మీది కాకపోవచ్చు, టేపుదే.

ఫైనల్లో ఇంకో చిక్కు చొక్కా నంబర్లు. 33 బోస్టన్‌లో లారీ బర్డ్, లేకర్స్‌లో కరీమ్ అబ్దుల్-జబ్బార్. 32 ఇటు కెవిన్ మెక్‌హేల్, అటు మ్యాజిక్ జాన్సన్. 31 ఇటు సెడ్రిక్ మాక్స్‌వెల్, అటు కర్ట్ రాంబిస్. ఉత్త నంబరు రాసుకుంటే రెండో క్వార్టర్‌కే అంతా కలగాపులగం. బో-33, లే-33 అని జట్టు అక్షరం ముందు పెట్టండి. బోస్టన్‌లో చొక్కా తెలుపు, బయట ఆకుపచ్చ. లేకర్స్‌ది ఇంట్లో పసుపు, బయట ఊదా. రంగు చూస్తే కోర్టు ఎవరిదో తెలిసిపోతుంది.

నిబంధనల తేడాలు కొన్ని కంటికి వింతగా ఉంటాయి. రెఫరీలు ముగ్గురు కాదు, ఇద్దరే. జోన్ డిఫెన్స్ నిషేధం: కాపలా కాసేవాడు తన మనిషి దగ్గరైనా ఉండాలి, బంతి ఉన్నవాడి మీదికి రెండోవాడిగానైనా పోవాలి, ఊరికే బుట్ట కింద కాపు కాయకూడదు. మొదటిసారి హెచ్చరిక, తర్వాత ఫ్రీ త్రో. అందుకే నలుగురు ఒక పక్కకు జరిగి, రెండో పక్క ఒకడు ఒంటరిగా తలపడే ఎత్తులు అన్నిసార్లు కనిపిస్తాయి. త్రీ పాయింట్ గీత 1979-80 నుంచే ఉన్నా దాన్ని వాడింది తక్కువ, 20 అడుగుల షాట్‌ను మంచి షాట్‌గానే చూసేవాళ్లు. ఫ్లాగ్రెంట్ ఫౌల్ (మోటుగా కొట్టినందుకు వేసే పెద్ద శిక్ష) అనేది ఇంకా పుట్టలేదు. నాలుగో ఆటలో దూసుకుపోతున్న రాంబిస్‌ను మెక్‌హేల్ మెడ మీద చెయ్యేసి పడగొట్టినా ఆటలో కొనసాగాడు. నేటి కళ్లతో చూసి రెఫరీని తిట్టుకోవడం దండగ.

అన్నీ చూసే తీరిక లేకపోతే

79 చూడనక్కర్లేదు. నా ఎంపికలో తొలి రౌండ్ నుంచి రెండు ఐదో ఆటలు తప్పనిసరి. ఒకటి డెట్రాయిట్-న్యూయార్క్: రెండు చేతుల వేళ్లకూ కట్లతో ఆడిన కింగ్ 44 పాయింట్లు వేస్తే, చివర్లో డెట్రాయిట్ ఆటగాడు ఐజయా థామస్ 94 సెకన్లలో 16 పాయింట్లు వేసి ఆటను ఓవర్‌టైమ్‌కు లాగాడు. న్యూయార్క్ 127-123. రెండోది డాలస్ 105-104 సియాటిల్, ఇదీ ఓవర్‌టైమే. ఆట అయిపోయిందని జట్లు లోపలికి వెళ్లిపోయాక, ఇంకో సెకను మిగిలి ఉందని తేల్చి మళ్లీ కోర్టు మీదికి పిలిపించారు. టేపు చివర కోసేసి ఉంటే ఇది దక్కదు, ముందే చూసుకోండి. రెండో రౌండ్ నుంచి బోస్టన్-న్యూయార్క్ ఏడో ఆట ఒక్కటి చాలు: బర్డ్ 39 పాయింట్లు, 12 రీబౌండ్లు (తప్పిన షాట్ల నుంచి అందుకున్న బంతులు), 10 అసిస్టులు (బుట్టకు దారితీసిన పాస్‌లు), 121-104.

ఫైనల్ మాత్రం ఏడూ వరుసగా చూడాల్సిందే, ఎందుకో అంకెలే చెబుతాయి. బోస్టన్ స్కోరు ముందు పెట్టి రాస్తే: 109-115, 124-121 (ఓ.టై.), 104-137, 129-125 (ఓ.టై.), 121-103, 108-119, 111-102. నిలువుగా కూడండి. బోస్టన్ 806, లేకర్స్ 822. పదహారు పాయింట్లు ఎక్కువ వేసిన జట్టు సిరీస్ ఓడింది! మూడో ఆటలో లేకర్స్‌ది 33 పాయింట్ల విజయం, మ్యాజిక్ 21 అసిస్టులు. కానీ చార్టులో దానికీ ఒక్క గడే. రెండు ఓవర్‌టైమ్ ఆటలూ బోస్టన్ ఖాతాలో పడ్డాయి.

కాబట్టి సమయం పెట్టాల్సింది 2, 4 ఆటల ఆఖరి నిమిషాల మీద. రెండో ఆటలో మొదటి ఆట పోగొట్టుకున్న బోస్టన్ 113-115తో వెనకబడి ఉంది, మెక్‌హేల్ రెండు ఫ్రీ త్రోలూ తప్పాడు, బంతి లేకర్స్‌ది. లేకర్స్ ఆటగాడు జేమ్స్ వర్తీ అటు పక్కకు వేసిన పాస్‌ను బోస్టన్ ఆటగాడు జెరాల్డ్ హెండర్సన్ దారిలోనే అందుకుని లేఅప్ (బుట్ట దగ్గరి షాట్) వేశాడు. అక్కడ ఆపి హెండర్సన్ పాదాలు చూడండి, పాస్ చేతిలోంచి వెళ్లకముందే కదిలాడు. ఆ తర్వాత మ్యాజిక్ బంతి పట్టుకుని గడియారాన్ని అలాగే పోనిచ్చాడు. ఆ ఒక్కటీ పోయి ఉంటే బోస్టన్ 0-2తో లాస్ ఏంజెలెస్ విమానం ఎక్కేది. నాలుగో ఆటలో మ్యాజిక్‌ను ఎవరు కాస్తున్నారో చూడండి. బోస్టన్ కోచ్ కె.సి.జోన్స్ హెండర్సన్‌ను తప్పించి డెనిస్ జాన్సన్‌ను పెట్టాడు, చివరి వరకు అదే కొనసాగింది. కాగితంలో మ్యాజిక్ చేజార్చుకున్న బంతులకు వేరే గడి పెట్టుకుంటే మార్పు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది.

ఐదో ఆటలో అందరూ ఎందుకు తడిసి ముద్దయ్యారంటే, బోస్టన్ గార్డెన్‌లో ఏసీ లేదు, లోపల 97 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 36 సెల్సియస్. బెజవాడలో మే నెలలో 36 అంటే చల్లబడిందంటారు గానీ, సుమారు పదిహేను వేల మంది కిక్కిరిసిన మూసిన హాల్లో పరుగెత్తడం వేరు. కరీమ్ ఆక్సిజన్ మాస్క్ పెట్టుకుని కూర్చున్నాడు, బర్డ్ 20 షాట్లలో 15 వేసి 34 పాయింట్లు, 17 రీబౌండ్లు తీశాడు. ఏడో ఆటలో చూడాల్సింది రీబౌండ్లు: బోస్టన్ 52, లేకర్స్ 33. మాక్స్‌వెల్‌వి 24 పాయింట్లు. ఫైనల్ ఉత్తమ ఆటగాడు బర్డ్, సగటు 27.4 పాయింట్లు, 14 రీబౌండ్లు.

చార్టు అడుగున ఫైనల్ తేదీలు కూడా వేసుకోండి: మే 27, 31, జూన్ 3, 6, 8, 10, 12. నాలుగో ఆట నుంచి ఏడో ఆట వరకు ఆరు రోజుల్లో మూడుసార్లు ఈ తీరం నుంచి ఆ తీరానికి, అదీ చాలావరకు మామూలు ప్రయాణికుల విమానాల్లో. మరుసటి ఏడు 2-3-2 తెచ్చింది ఈ తిరుగుడు తగ్గించడానికే. 1985 చార్టు కోసం కొత్తగా గీయక్కర్లేదు, ఇదే కాగితాన్ని జిరాక్స్ తీసి ఫైనల్ పెట్టెలో రంగులు మార్చండి: 1, 2, 6, 7 బోస్టన్, 3, 4, 5 లేకర్స్. 2013 ఫైనల్ దాకా ఆ రంగులే, 2014లో మళ్లీ పాతవి.